రడ్జ్ బండి విప్పిన కుర్రాడు – జి.డి. నాయుడు

ఈసారి మన ఈ-మ్యాగజైన్‌కి ఎవరైనా ఒక గొప్ప మనిషి జీవితం రాయమన్నారు. క్లబ్‌లో చాలామంది కవుల్నీ, స్వాతంత్ర్య సమరయోధుల్నీ తీసుకున్నారు. నేను ఒక మెకానిక్‌ని తీసుకున్నాను.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. 1974 జనవరి 4న చనిపోయారు. ఈ మధ్యలో ఆయన హోటల్ సర్వర్, మెకానిక్, బస్సు డ్రైవర్, బస్సుల కంపెనీ ఓనర్, ఫ్యాక్టరీ ఓనర్, ఫొటోగ్రాఫర్, కొత్త రకం విత్తనాలు పండించిన రైతు. ఒక ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా. డిగ్రీ మాత్రం లేదు. అసలు స్కూలే పూర్తి చేయలేదు.

కోయంబత్తూరు మనిషి మన తెలుగు మ్యాగజైన్‌లో ఎందుకు అని అడుగుతారేమో. ఆయన పుట్టింది తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాత నాయక రాజుల కాలంలోనూ దక్షిణానికి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ ఇప్పటికీ చాలామంది ఉన్నారు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. నేను కూడా నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ. కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు.

ఆయన నాకు ఎలా తెలిశారో చెప్పాలి. మాది గుడిమల్కాపూర్. పూల మార్కెట్‌కి కొంచెం దూరంలో ఇల్లు. నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని, కానీ ఆరు నెలల నుంచి మా ఇంటి మేడ మీద సిలిండర్ హెడ్ పోర్టింగ్ నేర్చుకుంటున్నాను. అంటే ఇంజిన్ పైభాగంలో గాలి వెళ్లే దారిని చేత్తో అరగదీసి సరిచేయడం. ఇంట్లోనే ఇంజిన్ పని నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే ముందు అన్నీ ఫారిన్ పేర్లే వచ్చాయి. తర్వాత మన భాష మాట్లాడే ఈయన దొరికారు. పోర్టింగ్ వల్ల పేరొచ్చిన మనిషి కాదు ఆయన. కానీ ఇంజిన్ పని విప్పి చూస్తే వస్తుందా, కాలేజీలో చదివితే వస్తుందా అన్న ప్రశ్న ఆయన జీవితం పొడుగునా ఉంది. నాలుగేళ్ల బీటెక్‌లో రెండో ఏడు చదువుతున్న నాకూ అదే ప్రశ్న ఉంది. అందుకే ఆయన కథ చెప్తూ మధ్యలో హెడ్ గురించి కూడా చెప్తాను.

బడి మానేసిన పిల్లాడు

చిన్నప్పుడు నాయుడు గారికి బడి అంటే అస్సలు పడేది కాదు. పంతులు మీద ఇసుక చల్లి పారిపోయాడని ఆయన గురించి చెప్పే ప్రతి కథలోనూ ఉంటుంది. చదువు అలా చాలా తొందరగా ఆగిపోయింది. ఊళ్లో పొలం పనులు.

అప్పుడు ఒకరోజు ఆ పల్లెటూరికి ఒక బ్రిటిష్ రెవెన్యూ ఆఫీసర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అది 1912 నాటి రడ్జ్ బండి. ఎద్దుల బండి, గుర్రపు బండి తప్ప ఇంకేదీ చూడని కుర్రాడు. లాగేది ఏదీ లేకుండా ఒక బండి దానంతట అదే పోతోంది. మనం ఇప్పుడు డ్రైవర్ లేని కారుని చూస్తే ఎలా ఉంటుందో అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

చాలామంది చూసి ఆశ్చర్యపోయి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఈయనకి మాత్రం అది కావాలి. ఎక్కి తిరగడానికి మాత్రమే కాదు, లోపల ఏముందో చూడాలి. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచి, ఇడ్లీలు అందించి, పైసా పైసా కూడబెట్టి, మూడు వందల పైచిలుకు రూపాయలు పోగుచేసి మోటార్ సైకిల్ కొనుక్కున్నాడు. కొన్నాక చేసిన పని ఏంటంటే, దాన్ని మొత్తం విప్పేశాడు. తర్వాత మళ్లీ బిగించాడు.

నాకు ఈ రెండో వాక్యమే ముఖ్యం. విప్పడం ఎవరైనా చేస్తారు. నేను ఐదో క్లాసులో గోడ గడియారం విప్పాను, మీలో సగం మంది రిమోట్ కారు విప్పి ఉంటారు. మళ్లీ బిగించి, అది మునుపటిలాగే నడిస్తే అప్పుడు మనకి ఏదో అర్థమైనట్టు. బండి స్టార్ట్ అయిందంటే పాస్, కాలేదంటే ఫెయిల్. మధ్యలో గ్రేస్ మార్కులు ఉండవు. ఆ ఒక్క బండితో ఆయన మెకానిక్ అయిపోయాడు.

ఆ బండి లోపల ఏముంది

రడ్జ్ అనేది ఇంగ్లండ్‌లో కోవెంట్రీ ఊరి కంపెనీ. ముందు సైకిళ్లు చేసేది, తర్వాత మోటార్ సైకిళ్లలోకి దిగింది. ఆ కాలపు రడ్జ్‌లో ఒకటే సిలిండర్, 499 సీసీ. అందులో గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే వాల్వ్ పైన ఉంటుంది, పొగ బయటికి పోయే వాల్వ్ పక్కన కింద ఉంటుంది. అంటే లోపలికి వచ్చిన గాలి నేరుగా పిస్టన్ మీదకి రాదు. పక్కనున్న గదిలోకి దిగి, మలుపు తిరిగి వస్తుంది.

ఇంజిన్ అంటే మనకి పెట్రోల్ గుర్తొస్తుంది. నిజానికి ఇంజిన్ ఎక్కువగా మింగేది గాలి. పెట్రోల్ ఒక వంతు బరువు అయితే గాలి దాదాపు 14, 15 వంతులు. పెట్రోల్ ఎంతైనా పోయగలం, గాలిని పట్టించడమే కష్టం. ఒక చిన్న లెక్క చూడండి. మన రోడ్ల మీద కనిపించే పాత స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. అది నిమిషానికి 8000 చుట్లు తిరుగుతుంటే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే సెకనుకి సుమారు 67 సార్లు. పూర్తిగా నిండితే సెకనుకి ఆరున్నర లీటర్ల గాలి. ఒక్కో పీల్పుకి పిస్టన్ కిందికి దిగే టైమ్ నాలుగు మిల్లీ సెకన్ల కంటే తక్కువ. వాల్వ్ ఇంకొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, అంతే. మనం ఒకసారి కన్ను ఆర్పేలోపు ఇంజిన్ ఎన్నోసార్లు ఊపిరి తీసి వదిలేస్తుంది.

ఆ ఊపిరి వెళ్లే సొరంగాలనే పోర్ట్‌లు అంటారు. లోపలికి ఇన్‌టేక్ పోర్ట్, బయటికి ఎగ్జాస్ట్ పోర్ట్. ఫ్యాక్టరీలో హెడ్‌ని పోత పోస్తారు. లక్షల్లో పోసేటప్పుడు లోపల చిన్న చిన్న మెట్లు, గీతలు, గరుకులు మిగులుతాయి. గాలి వాటికి తగిలి సుడులు తిరుగుతుంది. వాటిని తీసి దారి సరిచేయడమే పోర్టింగ్.

ఈ దారి ఎంత ముఖ్యమో తర్వాత రడ్జ్ కంపెనీయే చూపించింది. 1924లో ఒక్క సిలిండర్‌కి నాలుగు వాల్వ్‌ల హెడ్‌తో బండి తెచ్చింది. 1930లో ఐల్ ఆఫ్ మ్యాన్ జూనియర్ టీటీ రేసులో మొదటి మూడు స్థానాలూ రడ్జ్ బండ్లకే వచ్చాయి. కింద అదే క్రాంక్, అదే పిస్టన్ అనే ఐడియా. తేడా అంతా పైన హెడ్‌లో ఉంది.

ఒక బస్సుతో మొదలు

మళ్లీ నాయుడు గారి దగ్గరికి వద్దాం. 1920లో ఆయన ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళని దాకా స్వయంగా తనే నడిపేవారు. పళనిలో సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది కాబట్టి ఏడాది పొడుగునా భక్తులు ఉంటారు. ఒక బస్సు రెండయింది, రెండు పదులయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అని పేరు పెట్టారు. అందరూ యూఎంఎస్ అనేవారు. కొన్నేళ్లలో దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

ఆ రోజుల్లో బస్సు నడపడం అంటే ఇంజిన్ బాగోగులు రాత్రీ పగలూ చూసుకోవడమే. ఇంజిన్ ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో రావాలి. స్పేర్ పార్ట్ కావాలంటే ఓడలో రావాలి. అన్నాళ్లు బస్సు ఆపుకుని కూర్చోలేరు. పాడైనదాన్ని బాగుచేసుకోవాలి, లేదా కొత్తది చేసుకోవాలి. వాల్వ్‌లు కూర్చునే చోటు మసిపట్టి లీక్ అయితే హెడ్ దించి, రుబ్బి, మళ్లీ ఎక్కించాలి. ఇంట్లో విప్పి చూసిన కుర్రాడి చదువు ఇక్కడ పెద్ద వర్క్‌షాప్ చదువు అయింది. తేడా ఏంటంటే ఇప్పుడు తప్పు జరిగితే నష్టం ఆయన ఒక్కడిదే కాదు. బస్సులో కూర్చున్నవాళ్లంతా పొల్లాచి రోడ్డు మీద ఆగిపోతారు.

మేడ మీద హెడ్

ఇప్పుడు నా సంగతి కొంచెం. జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్లు అమ్మే చోట ఒక స్ప్లెండర్ హెడ్ తూకం లెక్కన కొన్నాను. కావాలనే బండికి పనికిరాని హెడ్ తీసుకున్నాను. మా గల్లీ చివర షెడ్ ఉన్న మెకానిక్ భాయ్ మొదటిరోజే ఒక మాట చెప్పాడు, నేర్చుకునేది బతికున్న బండి మీద వద్దు అని. ఆయన దగ్గర ఎవరో ఎక్కువగా అరగదీసి పాడుచేసుకున్న హెడ్ ఒకటి ఉంది. పోర్ట్ గోడ పల్చబడి బొక్క పడింది. అది గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు, వచ్చిన కుర్రాళ్లందరికీ చూపించడానికి.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. చిన్న హ్యాండ్ గ్రైండర్, కార్బైడ్ బిట్, ఆకురాయి, ఉప్పు కాగితం, వెర్నియర్. ఇవికాక కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, కంట్లో అసలు పడకూడదు. అల్యూమినియం మెత్తటి లోహం కాబట్టి బిట్ పళ్ల మధ్య ఇరుక్కుపోతుంది. మధ్యమధ్యలో బిట్‌ని కొంచెం కిరోసిన్‌లో ముంచుతుంటే ఇరుక్కోదు. అమ్మకి మాత్రం ఆరేసిన బట్టల మీద పొడి పడుతోందని కోపం. అందుకే బట్టలు తీశాకే మొదలుపెడతాను.

పని క్రమం ఇలా ఉంటుంది. ముందు వాల్వ్‌లు, స్ప్రింగ్‌లు తీసేయాలి. మసి అంతా గీకి కడగాలి. ఇన్‌టేక్ పైపు వచ్చి హెడ్‌కి కలిసే చోట గ్యాస్కెట్ పెట్టి గీత గీయాలి. పైపు రంధ్రం, హెడ్ రంధ్రం కలవని చోట మెట్టు కనిపిస్తుంది. ముందు ఆ మెట్టు తీయాలి. తర్వాత వాల్వ్ వెనకాల గిన్నెలా ఉండే భాగంలో పోత గీతలు తీయాలి. వాల్వ్ సీటుకి గ్రైండర్ అస్సలు తగలకూడదు. తగిలితే వాల్వ్ సరిగ్గా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. చివరికి గ్రైండింగ్ పేస్ట్ పెట్టి వాల్వ్‌ని సీటు మీద అటూఇటూ తిప్పుతూ రుబ్బాలి. రెండింటి మీదా బూడిద రంగు చక్రం సమానంగా వస్తే బాగా కూర్చున్నట్టు. వాల్వ్ పెట్టి, పోర్ట్‌లో కిరోసిన్ పోసి, కింద చుక్క కారకపోతే పాస్.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఇందులో మనం మామూలుగా అనుకునేవి చాలా తప్పు. మొదటిది, పెద్ద దారి అయితే ఎక్కువ గాలి వస్తుంది అనుకుంటాం. కానీ దారి మరీ పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది. వేగం ఉన్న గాలికి ఊపు ఉంటుంది. పిస్టన్ పైకి తిరిగాక కూడా ఆ ఊపుతో ఇంకొంచెం లోపలికి దూరుతుంది. వేగం పోతే ఆ లాభం పోతుంది. సిటీ ట్రాఫిక్‌లో బండి చచ్చుగా తయారవుతుంది. రెండోది, అద్దంలా మెరిసేలా పాలిష్ చేస్తే మంచిది అనుకుంటాం. ఎగ్జాస్ట్ పోర్ట్‌కి నునుపు మంచిదే, మసి తక్కువ పడుతుంది. కార్బురేటర్ బండి ఇన్‌టేక్‌కి మాత్రం కొంచెం గరుకు ఉండాలి. మరీ నునుపైతే పెట్రోల్ తుంపరలు గోడకి అంటుకుని జారిపోతాయి. మూడోది, పోర్ట్ వంపు తిరిగే చోట లోపలివైపు చిన్న మలుపు ఉంటుంది. గాలి అక్కడే గోడని వదిలేసి సుడి తిరుగుతుంది. ఎక్కువ లోహం తీసేయాలనిపించే చోటు కూడా అదే. అక్కడ ఎక్కువ తీస్తే ఉన్న గాలి కూడా పోతుంది. కొంచెం గుండ్రం చేస్తే చాలు.

మన సీఎస్ భాషలో చెప్పాలంటే, ముందు బాటిల్‌నెక్ ఎక్కడుందో కనుక్కోవాలి, తర్వాతే ఆప్టిమైజ్ చేయాలి. కోడ్‌కి ప్రొఫైలర్ ఉంది. గాలి కంటికి కనపడదు కాబట్టి దానికీ ఒక కొలత కావాలి. ఇంట్లో దీనికి సులువైన ఏర్పాటు ఉంది. ఒక డబ్బా మీద హెడ్ బిగించి, డబ్బాలోంచి వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగాలి. డబ్బాకి పారదర్శకమైన పైపుని యు ఆకారంలో పెట్టి రంగు నీళ్లు పోయాలి. రెండు వైపులా నీటి మట్టం తేడా చూడాలి. దారి ఇరుకైతే తేడా ఎక్కువ, దారి సరిపడా ఉంటే తేడా తక్కువ. వాల్వ్ ప్రతిసారీ ఒకే ఎత్తు తెరిచి, పని చేయకముందూ చేశాకా కొలవాలి. కరెంటు వోల్టేజీ సాయంత్రం ఒకలా, పొద్దున ఒకలా ఉంటుంది కాబట్టి నేను ఐదుసార్లు కొలిచి సగటు తీస్తాను.

ఇలా కొలిచి పనిచేయడం కొత్త ఐడియా ఏమీ కాదు. ఇంగ్లండ్‌లో హ్యారీ వెస్‌లేక్ అనే ఆయన హెడ్‌లోంచి ఎంత గాలి పోతుందో కొలిచే పద్ధతితోనే పేరు తెచ్చుకున్నాడు. బెంట్లీ, జాగ్వార్ ఇంజిన్ల మీద పనిచేశాడు. న్యూజీలాండ్‌లో బర్ట్ మన్రో 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు తన షెడ్‌లోనే మారుస్తూ పోయాడు. పిస్టన్లు తనే పోత పోసుకున్నాడు. వాల్వ్‌లు పక్కనుండే ఇంజిన్‌ని వాల్వ్‌లు పైనుండే ఇంజిన్‌గా తనే మార్చాడు. కొన్నప్పుడు గంటకి 90 కిలోమీటర్లు కూడా పోని బండి. 1967లో, ఆయనకి 68 ఏళ్లప్పుడు, అమెరికాలో బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకి 290 కిలోమీటర్లు దాటి తన క్లాసులో రికార్డ్ పెట్టింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. నా హెడ్ టేబుల్ మీదే ఉంది. దాని పని నాకు నేర్పడం.

మోటార్, రేడియో, కారు

నాయుడు గారు బస్సుల దగ్గర ఆగిపోలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి కోయంబత్తూరులోని పీలమేడులో ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటార్‌గా దాన్ని చెప్తారు. కోయంబత్తూరు ఈరోజు మోటార్లకీ పంపు సెట్లకీ దేశమంతా పేరు. మన ఊళ్లలో పొలాల్లో బోరు మోటార్ల మీద ఆ ఊరి పేరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఆ కథ అక్కడ మొదలైంది.

రాసాంట్ అనే పేరుతో డ్రై సెల్స్‌తో నడిచే షేవింగ్ రేజర్ తెచ్చారు. చాలా పల్చటి షేవింగ్ బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాన్, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా లిస్ట్ చాలా పొడుగు. కెమెరా అంటే ప్రాణం. 1936లో లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్మ్ తీశారు. అదే కాలంలో మద్రాసు ప్రాంత ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలో కొత్త రకాలు పండించారు. ఆయన పొలాన్ని సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటి వాళ్లు వచ్చి చూశారు.

కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది రెండు విషయాలు. 1941లో ఐదు వాల్వ్‌ల రేడియో సెట్‌ని 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించారు. ఈ వాల్వ్‌లు ఇంజిన్ వాల్వ్‌లు కాదు, గాజు గొట్టాలు. అప్పట్లో రేడియో అంటే డబ్బున్నవాళ్ల ఇంట్లో ఉండేది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు చేశారు. ధర 2000 రూపాయలు. కానీ తయారీకి లైసెన్స్ దొరకలేదు. ఉత్పత్తి ఆగిపోయింది.

1951లో వచ్చిన పరిశ్రమల చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో ఏం చేయాలన్నా, ఎంత చేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, ఉన్న కొంచెం ఉక్కుని, కొంచెం డబ్బుని ఎక్కడ పెట్టాలో తనే నిర్ణయించాలనుకుంది. దాని వెనక ఒక ఆలోచన ఉంది, కాదనను. అయినా టేబుల్ మీద నడుస్తున్న కారు ఉండి, దాన్ని చేయడానికి కాగితం లేకపోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఇంజిన్ స్టార్ట్ అయితే పాస్ అని నమ్మిన మనిషికి, స్టార్ట్ అయ్యాక కూడా ఫెయిల్ అని చెప్పినట్టు.

రెండేళ్లా, నాలుగేళ్లా

ఇప్పుడు మన గురించి. స్కూల్ పూర్తి చేయని నాయుడు గారికి చదువు మీద కోపం లేదు. పనికిరాని చదువు మీదే కోపం. 1944లో బస్సుల వ్యాపారం బాధ్యతల నుంచి తప్పుకుని, పరిశోధన స్కాలర్‌షిప్‌లకీ, కార్మికుల సంక్షేమానికీ డబ్బు ఇచ్చారు. 1945లో ఆయన కృషితో, విరాళాలతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ఆ ఇంజినీరింగ్ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. దానికి నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు.

అక్కడే గొడవ వచ్చింది. ఇంజినీరింగ్‌కి నాలుగేళ్లు అవసరం లేదు, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలా ఎక్కువ అని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. తను కట్టించిన కాలేజీ, తను డబ్బు పెట్టిన కాలేజీ. అయినా నమ్మనిదాన్ని నడపను అని బయటికి వచ్చేశారు.

మొదటిసారి ఇది తెలుసుకున్నప్పుడు నేను గట్టిగా చప్పట్లు కొట్టే రకం. రెండో ఏడు అయిపోతోంది, ఆయన లెక్కలో అయితే నేను ఈపాటికి ఇంజినీర్‌ని. మన మొదటి సంవత్సరం వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తుందా? ఇనుప ముక్కని ఆకురాయితో అరగదీసి వి ఆకారంలో ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టాం. రికార్డ్ రాయడానికి పట్టిన టైమ్ ఆకురాయి పట్టిన టైమ్ కంటే ఎక్కువ. ఆ ల్యాబ్ తర్వాత సీఎస్ఈ వాళ్లకి లోహం ముట్టుకునే పనే లేదు. ఇలాంటి చోట నాలుగేళ్లలో రెండేళ్లు తీసేస్తే ఎవరికీ నష్టం ఉండదు అనిపిస్తుంది.

కానీ హెడ్ మీద పనిచేశాక నా అభిప్రాయం కొంచెం మారింది. విప్పి చూస్తే వాల్వ్ కనిపిస్తుంది, స్ప్రింగ్ కనిపిస్తుంది, మసి కనిపిస్తుంది. గాలి కనిపించదు. దారి ఇరుకైతే వేగం ఎందుకు పెరుగుతుంది, వేగం పెరిగితే ఒత్తిడి ఎందుకు తగ్గుతుంది, మలుపు దగ్గర గాలి గోడని ఎందుకు వదిలేస్తుంది, ఇవి చేత్తో తడిమితే రావు. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం ఎంసెట్ కోసం బట్టీ పట్టి పారేసిన బెర్నూలీ సూత్రం ఇక్కడ కావాలి. మెకానిక్ భాయ్‌కి ఇరవై ఏళ్ల అనుభవంతో చేతికి తెలిసిన విషయం, ఎందుకో తెలిస్తే ఆరు నెలల్లో నాకు తలకి ఎక్కింది. అలాగే నాకు తలకి ఎక్కింది ఆయన చేతిలా నా చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. రెండూ కావాలి.

నాయుడు గారు కూడా చదువు వద్దు అనలేదు కదా. అడ్డమున్నది తీసేయమన్నారు. పోర్టింగ్‌లో నేర్పేది కూడా అదే, అడ్డమున్న మెట్టు తీయాలి, గోడ తీయకూడదు. నాలుగేళ్ల కోర్సులో ఏది మెట్టు, ఏది గోడ అన్నదే అసలు ప్రశ్న. ఆయన రెండేళ్లు అన్నది సరైన సంఖ్యా కాదా అని నేను వాదించను. ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఉన్న ప్రిన్సిపాల్ 1945లోనే ఉన్నాడు అన్నది మనం మర్చిపోకూడదు.

ఆయన తర్వాత

1974లో ఆయన చనిపోయాక కూడా కోయంబత్తూరులో ఆయన పేరు ఎక్కడికక్కడ వినిపిస్తుంది. అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద పారిశ్రామిక ఎగ్జిబిషన్ ఉంది, పాత కార్ల మ్యూజియం ఉంది. 2025 అక్టోబర్‌లో అదే అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచి దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. మా ఇంటి దగ్గర మెహిదీపట్నం నుంచి వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. మన దగ్గర ప్రధానమంత్రి పేరు ఉంటే, అక్కడ హోటల్ సర్వర్‌గా మొదలుపెట్టిన మెకానిక్ పేరు ఉంది. నాకు ఇది చాలా నచ్చింది.

ఈసారి ఇండస్ట్రియల్ విజిట్ ఎక్కడికి అని అడిగితే కోయంబత్తూరు అని చెప్పండి. అంతకంటే ముందు మన కాలేజీలోనే ఒక పని చేయొచ్చు. వర్క్‌షాప్‌ని వారానికి ఒక సాయంత్రం అన్ని బ్రాంచిల వాళ్లకీ తెరవమని మన క్లబ్ తరఫున ఒక లెటర్ పెడదాం. పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. విప్పడానికి ఒక పాత ఇంజిన్, కొలవడానికి ఒక వెర్నియర్, పక్కన పని తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు. నాయుడు గారికి మొదట్లో ఈ మూడింటిలో ఒకటే ఉంది. అది కూడా ఇడ్లీలు అందించి సంపాదించుకున్నది.